తొమాసా కుండ

వహాకా పట్నం
ఫిబ్రవరి 3, 1986, సోమవారం

పెద్దమ్మా,

నీ చేతులు కళ్ళకద్దుకుని సెనైదా రాస్తున్నది. ఈస్టర్ సెలవులకి వచ్చినప్పుడు చెప్పొచ్చులే అనుకున్నాను గాని, ఇప్పుడే రాయక తప్పడం లేదు. తొమాసా కుండలో మొక్క పోయేలా ఉంది. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పాలి.

కింది ఆకులు ఎండి కాగితంలా రాలడం మామూలేనని నాకూ తెలుసు. ఇప్పుడు నడిమి వరస ఆకులు కూడా, రోజంతా బట్టలుతికిన వేళ్ళలా ముడతలు పడ్డాయి. నీళ్ళు పోస్తే పైన కాసేపు నిలబడి, అంచుల వెంట జారి, కింది చిల్లులోంచి పోతాయి. ఆ చిల్లులోంచే వేళ్ళు బయటికొచ్చి కిటికీ గట్టుకి అంటుకున్నాయి. నిన్న బొటనవేలితో మొదలు నొక్కి చూశాను. ఒక పక్క మెత్తగా ఉంది.

తప్పు నాదే. పట్నపు ఎండకి ఏమైపోతుందోనని ప్రతి ఆదివారం నీళ్ళు పోశాను. భయమేసినప్పుడల్లా పోశాను.

ఇంటి యజమానురాలు దోన్యా ఆంపారో నిన్న పండగకి ఉడికించిన తమాలెలు ఇవ్వడానికి గదిలోకొచ్చి చూసింది.

"ఏమే నర్సమ్మా, ఆ మొక్కకేం జబ్బు?" అంది.

"నీళ్ళు చాలడం లేదేమోనండీ."

"చాలకపోవడమా! పీకల దాకా తాగి ఉంది. పేరుకి సియెంప్రెవివా, ఎప్పటికీ చావనిది. పేరు చూసుకుని బతుకుతాయా మొక్కలు?" కుండ ఎత్తి వేలి కణుపుతో టకటకా కొట్టింది. "ఇందులో మన్నెక్కడుంది? అంతా వేళ్ళే. కుండ దీని గొంతు నులిమేస్తోంది. తీసి వేరే మన్నులో పెట్టు, లేదా దండం పెట్టి పారెయ్."

అందులో ఏముందో ఆవిడకి చెప్పలేదు. చెబితే నవ్వుతుందేమోనని భయం, నవ్వకపోతే ఇంకా భయం. నువ్వు చెప్పినట్టు నాకు గుర్తున్నది ఇదీ, తప్పయితే దిద్దు: మనింట్లో ఆడపిల్ల పుడితే బొడ్డుతాడు పొయ్యి కింద పాతిపెడతారు. నాది అక్కడే ఉంది. చెల్లి తొమాసా పుట్టింది చెరకు కొట్టేవాళ్ళ గుడిసెల్లో. అక్కడ మనకి సొంత పొయ్యి లేక, అమ్మ జావకుండలో మన్ను పోసి, దాని బొడ్డుతాడు అందులో పెట్టి, పైన ఈ మొక్క నాటింది. ఎక్కడికెళ్తే అక్కడికి మోసుకెళ్ళింది. నేను నర్సు చదువుకి బయల్దేరిన రోజు తొమాసా ఆ కుండ నా ఒళ్ళో పెట్టి, "నేనెలాగూ ఈ కొండ దాటను, నా బొడ్డుతాడైనా పట్నం చూడనీ అక్కా" అంది. అందుకే దాని మీద చెయ్యి వెయ్యకుండా ఆగాను.

మన్ను మార్చనా? మార్చితే ఎలా? పదిహేనో తారీకు దాకా చూస్తాను. ఆ లోపు నీ మాట రాకపోతే, మెత్తదనం పైకి పాకుతుంది కాబట్టి, నేనే తీసేస్తాను.

తొమాసాకి ఎన్నో నెల పడిందో కూడా రాయించు.

నీ సెనైదా

*

సాన్ మిగెల్ యుకుసావి
ఫిబ్రవరి 9, కార్నివాల్ ఆదివారం

సెనైదా,

పెద్దమ్మ ఫెలిసితాస్ చెబుతుంటే కొట్టు నడిపే వుల్ఫ్రానో రాసేది. ఆవిడ ఒక్కో మాటా నా భుజం మీద వేలితో పొడిచి మరీ రాయిస్తోంది. కాబట్టి ఒక్క ముక్క పోలేదని నమ్ము.

కుండ ముట్టుకోకు.

ఆ పట్నపావిడకి చెప్పు, మొక్కల సంగతి ఫెలిసితాస్‌కి ఎవరూ నేర్పక్కర్లేదని. పూకాడ ఉన్నప్పుడు కదపకూడదు. చలి పోయాక, వానలు పడకముందు, పొడి రోజుల్లో మార్చాలి. ముందు వారం పది రోజులు నీళ్ళు మానెయ్యాలి. కుండ పక్కకి వంచి అరచేత్తో తడితే మొక్క దానంతటదే ఒళ్ళోకొస్తుంది. మెడ పట్టుకుని లాక్కూడదు. తెగిన వేరుంటే నీడన ఆరనివ్వాలి. కొత్త కుండ రెండు వేళ్ళ వెడల్పు కంటే పెద్దదొద్దు. మన్నులో సగం ఇసకా, నలగ్గొట్టిన రాయీ ఉండాలి. నాటాక వారం దాకా చుక్క నీళ్ళు పొయ్యకూడదు. నలభై మొక్కలకి నా చేత్తో చేశాను ఇదంతా. ఈ ఒక్క కుండకి చెయ్యను. ఎందుకని అడగకు.

చెల్లికి ఎనిమిదో నెల. కడుపు నిండుగా ఉన్న మనిషి కుండ కదుపుతారటే ఎవరైనా?

నీ ఉత్తరం వుల్ఫ్రానో కొట్లోనే చదివాడు. ఆయనకి చిన్నగా చదవడం చేతకాదు కదా. ఉప్పు కొనడానికొచ్చిన వాళ్ళందరూ విన్నారు. (నా కళ్ళజోడు అలాంటిది. గట్టిగా చదివితే గాని కనబడదు. – వు.) "తొమాసా మొక్క మొదలు కుళ్ళిందట" అని సాయంత్రానికి ఊరంతా పాకింది. తొమాసా నీళ్ళ బిందె అక్కడే దించేసి వచ్చి పడుకుంది. మూడు రోజులైంది. రొట్టె ముక్క తుంపి మళ్ళీ పెట్టేస్తోంది. దాని మొగుడు మెల్కియాదెస్ సున్నపు బట్టీ వదిలి ఇంట్లో కూర్చుని, "అక్కకి చదువొచ్చింది, మాకు చావొచ్చింది" అని గొణుగుతున్నాడు. నేను వాడి నోరు మూయించాను.

పొయ్యి కింద పాతిన నువ్వేమో ఊళ్ళు దాటావు. కుండలో ఊళ్ళు తిరిగిన అది గడప దాటదు. దేవుడికి దిక్కులు తెలియవనుకుంటా.

మిగతా అంతా బాగానే ఉంది. తొమాసా పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు, లేచినప్పుడల్లా మెల్కియాదెస్ చెప్పులేసుకుంటోంది. నవ్వొచ్చింది చూసి.

ఆ కుండ ఎలా ఉన్నదాన్ని అలా ఉండనీ.

పెద్దమ్మ
(ఆవిడ వేలిముద్ర. మసి నా పొయ్యిదే.)

*

వహాకా
ఫిబ్రవరి 17, సోమవారం

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఇవాళే చేతికొచ్చింది. కార్నివాల్‌లో లారీ డ్రైవర్ తాగి పడిపోతే నిన్నటిదాకా బండి ఏటి మలుపు దగ్గరే ఆగిపోయిందట. నేను రాసిన పదిహేను మొన్ననే దాటిపోయింది.

ఇది చదివేముందు దోన్ వుల్ఫ్రానో గారికి ఒక మనవి. ఈ ఉత్తరం మా ఇంట్లో, తలుపేసి, మెల్లగా చదవండి. మెల్లగా చదవడం రాకపోతే కనీసం తొమాసా మందిరానికి వెళ్ళినప్పుడు చదవండి.

పెద్దమ్మా, శనివారం నేను కుండ వంచి తట్టాను.

నువ్వు చెప్పినట్టే తట్టాను, అప్పటికి నువ్వు చెప్పిన సంగతి నాకు చేరనేలేదు. ముందు వారం నీళ్ళు మానేశాను. మొక్క కుండ ఆకారంలోనే బయటికొచ్చింది. తెల్లటి వేళ్ళు గొంగళిలా అల్లుకుపోయి ఉన్నాయి. మొదలు దగ్గర ఒక పక్క నల్లగా, తడిగా కుళ్ళిపోయింది. వేళ్ళు విప్పి ఆరబెట్టినా అది బతికేది కాదు. మంట మీద చూపిన బ్లేడుతో కుళ్ళు పైన కోశాను. కోసిన చోట నల్ల చుక్క కనిపించింది. ఇంకో వేలెడు పైన కోశాను. అప్పుడు లేత పచ్చగా, శుభ్రంగా ఉంది. నేను చదువుకున్నదాన్ని. అయినా బ్లేడు పెట్టేటప్పుడు తొమాసా పేరు పైకే పిలిచాను. ఎందుకు పిలిచానో నాకే తెలీదు.

ఇప్పుడు తల ఒక్కటీ పాత కాగితం మీద నీడన ఉంది. కోసిన చోట తోలు కట్టేదాకా, పది పన్నెండు రోజులు, అలాగే ఉండాలి. దానికి బాధ లేదు, ఆకుల నిండా నీళ్ళు దాచుకున్న మొక్క అది. పాత మన్ను పారెయ్యలేదు. ఒక్క పలుకు కింద పడకుండా పిండిసంచీలో పోశాను. చేత్తో జల్లించి చూశాను. బొడ్డుతాడు లాంటిదేదీ లేదు. పద్దెనిమిదేళ్ళయింది, అది మన్నయిపోయి ఉంటుంది. ఒక నీలం పూస దొరికింది. దాచాను.

తిట్టు. అన్నీ పడతాను. కాని నీ ఉత్తరంలో ఒక్క మాట చదివినప్పటి నుంచి నాకు మొక్క ధ్యాసే లేదు. చెప్పులు పట్టడం లేదన్నావు. నవ్వొచ్చిందన్నావు. నాకు నవ్వు రాలేదు పెద్దమ్మా.

దయచేసి ఇవన్నీ చూసి రాయించు. తొమాసా మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కు. గుంట పడి అలాగే ఉండిపోతోందా? పొద్దున లేవగానే మొహం, కళ్ళ కింద ఉబ్బుతోందా? తలనొప్పి ఉందా? కళ్ళ ముందు మెరుపులు, చుక్కలు కనిపిస్తున్నాయా? పక్కటెముకల కింద నొప్పి ఉందా? వీటిలో మొహం వాపూ, తలనొప్పీ ఉన్నా చాలు, నోచిస్త్లాన్ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళు. అక్కడ రక్తపోటు చూసే పట్టీ ఉంది. ఆగకు.

నీ సెనైదా

*

సాన్ మిగెల్ యుకుసావి
ఫిబ్రవరి 23, ఆదివారం

సెనైదా,

వుల్ఫ్రానో రాస్తున్నాడు, ఏటి మలుపులో లారీకి ఉత్తరం అందించే కుర్రాడు గడపలో నిలబడ్డాడు. (ఈసారి నేను గొంతు తగ్గించే చదివాను సెనైదా, కాని తడిక గోడ అవతల పడుకున్న మనిషికి చెవులుంటాయి కదా. – వు.)

ఎంత పని చేశావే. తల కోశావా? నా తొమాసా మొక్క తల కోసి కాగితం మీద పెట్టి, పది రోజులు అలా ఉండాలని నాకే రాస్తావా?

నువ్వడిగినవన్నీ వచ్చాయి. ఒక్కటి తప్పలేదు. బుధవారం మొహం ఉబ్బింది. శుక్రవారం తల పగిలిపోతోందంది. నిన్న నీ ఉత్తరం వచ్చింది. ఇవాళ పొద్దున్న పట్టపగలు, "పెద్దమ్మా, మిణుగురులు" అని గాల్లో చెయ్యి ఆడించింది. ముందే ఎలా తెలిసిందే నీకు? కుండలో ఏం చూశావు? ఏది చూసి ఆ లెక్కంతా రాశావు? అక్కడ నువ్వు కోసుకుంటూ పోతే ఇక్కడ దీనికి ఒక్కొక్కటీ దిగుతోంది. మెల్కియాదెస్ నీ పేరెత్తితే ఉమ్మేస్తున్నాడు. తొమాసా మాత్రం, "అక్క కావాలని చెయ్యదు" అంటోంది. ఆ మాట వింటే నాకు ఇంకా ఏడుపొస్తోంది.

ఎందుకని అడగకు అన్నాను. ఇక చెప్పాలి. మీ అమ్మ కాన్పులో జడుపు తగిలి పోయిందని చెబుతూ పెంచాను మిమ్మల్ని. ఆ జడుపు ఎక్కడిదో చెప్పలేదు. అప్పుడు మీ అమ్మకి మూడో కడుపు, ఎనిమిదో నెల. నీకు ఆరేళ్ళు, తొమాసాకి మూడు. మన్ను రాయిలా గట్టిపడిందని మీ అమ్మ ఈ కుండ విప్పింది. వద్దన్నాను. "మన్ను మారిస్తే పిల్ల చచ్చిపోతుందా అక్కా, నీ చాదస్తం" అని నవ్వింది. పాత మన్ను తీసింది, కొత్తది పోసింది. పది రోజులకి పాదాలు ఉబ్బాయి, మొహం ఉబ్బింది, మిణుగురులంది. నా ఒళ్ళోనే పడి కొట్టుకుంది. కడుపులో బిడ్డా దక్కలేదు. తొమాసాకి రావాల్సింది తల్లి మీద వేసుకుంది. ఈసారి వేసుకోవడానికి తల్లి లేదు.

నా చేతుల మీద అరవై మంది పిల్లలు పుట్టారు. ఆ ఒక్క రోజు నా చేతులకి ఏమీ చేతకాలేదు. మళ్ళీ అదే చూడమంటావా?

ఆ మొక్కని అదే కుండలో, అదే మన్నులో పెట్టు. పెట్టేదాకా తొమాసాని ఇల్లు కదలనివ్వను. సగం మనిషి అక్కడ కాగితం మీద ఉండగా మిగతా సగాన్ని కొండ దించుతారా? శుక్రవారం దాకా నీ కబురు కోసం చూసి, ఆ మధ్యాహ్నం దాన్ని ఆవిరి గదిలో కూర్చోబెట్టి, ఆకులతో వాపు దించుతాను. అదొక్కటే నాకు తెలిసింది.

పెద్దమ్మ

(సెనైదా, ఇది ఆవిడ చెప్పింది కాదు. పిల్ల నిజంగా బాగాలేదు. నేను చూశాను. – వు.)

*

నోచిస్త్లాన్, ఆరోగ్య కేంద్రం మెట్లు
ఫిబ్రవరి 27, గురువారం పొద్దున్న

పెద్దమ్మా,

నిన్న నీ ఉత్తరం చదివి, కుండ సర్ది, వెంటనే బస్సెక్కాను. సున్నం మోసే గాడిదల్ని తోలే సిరీలో అనే అతను ఇప్పుడే కొండెక్కుతున్నాడు, సాయంత్రానికి మీ గడపలో ఉంటాడు. ఈ ఉత్తరమూ, తొమాసా కుండా అతని చేతికిస్తున్నాను. దోన్ వుల్ఫ్రానో గారూ, ఈసారి గట్టిగా చదవండి. తొమాసా వినాలి, మెల్కియాదెస్ వినాలి, ఊరంతా వినాలి.

ముందు కుండ. తీసి చూడు. అదే కుండ. అడుగున పిండిసంచీలో దాచిన పాత మన్ను, ఒక్క పలుకు తగ్గకుండా. ముందే ఎండబెట్టి ఉంచాను, అందులోనే ఇసకా, రాతి నూకా కలిపాను. నీలం పూస కూడా వేశాను. తల కోసిన చోట తోలు కట్టింది, తాకి చూడు, పొడిగా ఉంటుంది. మన్ను పైన ఊరికే ఆనించాను, కదలకుండా చుట్టూ రాళ్ళు పెట్టాను. వేళ్ళు ఇంకా రాలేదు. వచ్చాయని నీకు అబద్ధం రాయను. వారం దాకా నీళ్ళు పొయ్యొద్దు, అది నువ్వు చెప్పిందే. నువ్వు పెట్టమన్నది పెట్టాను. ఇక నా మాట విను.

నేనేదీ కుండలో చూసి రాయలేదు. నీ ఉత్తరంలో చెప్పులు పట్టడం లేదన్న మాట చూసి రాశాను. ఆ వాపు వెనక ఏవేవి వస్తాయో మా పాఠాల్లో వరసగా ఉంటుంది. ఆ జబ్బుకి పేరుంది. ఎనిమిదో నెల దగ్గర రక్తపోటు పెరిగి, తల నొచ్చి, కళ్ళ ముందు మెరుపులు కనిపించి, చివరికి ఒళ్ళు బిగుసుకుని కొట్టుకుంటుంది. నువ్వు అమ్మ గురించి రాసిన నాలుగు వాక్యాలూ నా పుస్తకంలో ఉన్నాయి పెద్దమ్మా. బస్సులో ఆ పేజీ తీసి, మూసి, మళ్ళీ తీసి కూర్చున్నాను.

ఒక్కటి ఆలోచించు. అమ్మ మన్ను మార్చింది తొమాసా కుండలో. తొమాసాకి అప్పుడేమీ కాలేదు. మూడేళ్ళ పిల్ల, పెరిగి పెళ్ళి చేసుకుంది. పోయింది అమ్మ. అప్పుడు అమ్మకీ, ఇప్పుడు తొమాసాకీ కలిసింది కుండ ఒక్కటేనా? ఇద్దరికీ ఎనిమిదో నెల కడుపు. ఆ రోజు నీ చేతులు చేసిన తప్పేమీ లేదు. ఆ జబ్బుకి కావాల్సిన మందు ఆ కొండ మీద ఎవరి చేతిలోనూ లేదు. ఇవాళ కింద ఉంది.

ఇంత చెప్పినా నీకు కుండ మీదే అనుమానమంటే, సరే, తప్పు నాదే అనుకో. బతికున్నంత కాలం నన్ను తిట్టు. మెల్కియాదెస్ ఉమ్మితే ఉమ్మనీ. ఆవిరి గదిలో మాత్రం దాన్ని కూర్చోబెట్టకు. ఉన్న పోటుకి ఆ వేడి తోడైతే ప్రాణానికే ముప్పు.

నేనే ఎందుకు రాలేదని అడుగుతావు. ఇక్కడి డాక్టరమ్మ జీపు ఇస్తానంది. అది ఏటి మలుపు దాకానే ఎక్కుతుంది. "ఇలాగే రెండుసార్లు వెళ్ళాను, తలుపులు మూసుకుని పంపేశారు. ఇంటి మనిషి ఇక్కడ నా ఎదురుగా ఉండి సంతకం పెడితేనే కదులుతాను" అంది. నేను కొండెక్కితే జీపు ఇంకో ఊరు పోతుంది. శుక్రవారం సాయంత్రం డాక్టరమ్మ కూడా వెళ్ళిపోతుంది. అందుకని ఈ మెట్ల మీద కూర్చున్నాను. రేపు పొద్దున్నే జీపుతో మలుపు దగ్గరికి వస్తాను.

మెల్కియాదెస్‌కి చెప్పు: కుర్చీకి రెండు వాసాలు కట్టి, నలుగురు మోస్తే మలుపు దాకా నాలుగు గంటల దారి. చల్లగా ఉండగానే, తెల్లారీ తెల్లారకుండానే బయల్దేరండి. ఎడమ పక్కకి వాల్చి కూర్చోబెట్టండి. దారిలో తను కొట్టుకుంటే నోట్లో ఏమీ కుక్కకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నువ్వూ రా. నువ్వు పక్కన లేకపోతే అది కాలు బయట పెట్టదు. నాకూ నువ్వు కావాలి. నాకు చదువుంది గాని, పెద్దమ్మా, చెల్లిని చూసి నిలబడే ధైర్యం ఎంతుందో తెలియదు.

సిరీలో మళ్ళీ సోమవారం దాకా దిగడు. కాబట్టి కాగితం మీద జవాబు రాయించకు. రేపు, ఫిబ్రవరి 28, శుక్రవారం మధ్యాహ్నం లోపు, జవాబుగా తొమాసానే పంపు.

సెనైదా